జల్లెడ మీద ఇసుక కేసు

ఆదివరాహస్వామి సముద్రగర్భంలో మునిగిన భూమిని కోరమీద పైకెత్తిన నాటికి మన ఇసుక పరిరక్షణ ఉత్తర్వు ఇంకా అమలులోకి రాలేదు. అది లోకం చేసుకున్న పుణ్యమని నా నమ్మకం. వచ్చి ఉంటే, స్వామివారిని ముందు భూమిని ఎత్తినచోటనే దింపమనేవారు. ఎత్తడానికి అనుమతి ఏదని అడిగేవారు. ఆ అనుమతి చేతికి అందేలోగా మరొక ప్రళయం వచ్చి, కోర సంగతి సరే, ఉత్తర్వు కూడా మునిగిపోయి ఉండేది.

ఉత్తర్వు పుట్టిన కారణం అందరికీ తెలిసినదే. నదులలో ఇసుక మాయమవుతున్నదని పత్రికలు ఘోషించాయి. ప్రభువులకు ఆగ్రహం కలిగింది. ఆగ్రహం చల్లారకముందే అచ్చులోకి వెళ్ళినందువల్ల దాని భాషలో ఆ వేడి నిలిచిపోయింది. “ఏ ప్రదేశమునందైనను, ఏ పరిమాణమునందైనను, ఏ సాధనముచేతనైనను, ఎట్టి వ్యక్తి గాని, ప్రాణి గాని, యంత్రము గాని, అనుమతి లేక ఇసుకను ఎత్తుట, తోడుట, జల్లించుట, కదల్చుట, కదల్చుటకు ఉద్యమించుట శిక్షార్హము” అని అందులో ఉన్నది. ‘ప్రాణి’ అన్న మాటను గాడిదలమీద ఇసుక తోలేవారి కోసం చేర్చారట. చట్టం ఒకసారి వల విసిరితే అందులో ఏది పడుతుందో విసిరినవారికి కూడా తెలియదు.

మా పట్నానికి ఇసుక ప్రత్యేకాధికారిగా భుజంగరావుగారు వచ్చారు. వచ్చిన రోజే నదికి వెళ్ళారు. అక్కడ ఇసుక తోడే యంత్రాలు ఉన్నాయి. యంత్రాల పక్కన మనుషులు ఉన్నారు. ఆ మనుషుల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఆ ఫోన్లలో ఉన్న పేర్లు పైకి చదవవలసిన అవసరం కలగలేదు. ఆయన పొద్దు వాలకుండానే తిరిగి వచ్చి, “నది మిక్కిలి విశాలమైనది. విశాల విషయములను దశలవారీగా చేపట్టవలెను” అని సెలవిచ్చారు. మొదటి దశకు కొంచెం చిన్న ప్రదేశం కావలసి వచ్చింది.

అది బీచిరోడ్డులోనే దొరికింది.

తీర విజ్ఞాన మండలివారి మత్స్యదర్శినిలో హాలు పొడవునా ఒక అద్దాల తొట్టి ఉన్నది. అందులో ఉప్పునీరు, నీటి అడుగున తెల్లని ఇసుక, ఆ ఇసుకమీద రంగురంగుల చేపలు. మండలిలో ఒక పురప్రముఖుడు ఉండి తీరాలన్న నిబంధన వల్ల నన్ను సభ్యుడిగా వేశారు. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసినవాడిని. చేపల విషయంలో నా పరిజ్ఞానం మత్స్యావతారంతో మొదలై అక్కడే ముగుస్తుంది. అయినా రోజూ ఉదయం పూజ కాగానే అక్కడికి వెళ్ళి ఒక చేప ముందు నిలబడేవాడిని.

దాని పేరు జల్లెడ. క్యూరేటరు నీలవేణి పెట్టిన పేరు. జానెడు పొడవు, తెల్లని మేను, ఒంటినిండా నారింజ చుక్కలు. తెల్లవారింది మొదలు దానికి ఒకటే పని. వంగి నోటినిండా ఇసుక తీసుకొనేది. అందులోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినేది. శుభ్రపడిన ఇసుకను మొప్పలగుండా జలజల రాల్చేది. మళ్ళీ ఒక అడుగు ముందుకు. భోజనాన్నీ వ్రతాన్నీ ఒకటిగా చేసుకున్న జీవిని నేను మనుషులలో చూడలేదు.

“ఇసుకమీద నాచు పుట్టడం ఇంట్లో దుమ్ము పడటం లాంటిది మాస్టారూ” అని నీలవేణి నాకు చెప్పింది. “పుట్టకుండా ఆపలేం. పట్టకుండా చూసుకోవాలి. దీపం తక్కువ వెలగాలి, మేత తక్కువ వెయ్యాలి, పైపొర ఇసుకను గొట్టంతో లాగి కడిగి మళ్ళీ వెయ్యాలి. మిగతాది మా జల్లెడ చూసుకుంటుంది. నాకంటే శ్రద్ధ దానికి.”

“జీతం కూడా అడగదు గదమ్మా.”

“అడిగితే నా జీతమే ఇచ్చెయ్యమంటారు మండలివారు.”

ఆమె గొట్టాన్ని తొట్టిలోకి దించి పైపొర లాగుతున్న ఒక ఉదయాన భుజంగరావుగారు ప్రవేశించారు. వెనుక గుమాస్తా, అతని వెనుక కానిస్టేబులు సూరప్పడు.

“ఏమి చేయుచున్నారు?”

“నాచు తీస్తున్నానండి.”

“ఆ గొట్టములో పోవుచున్నది నాచు మాత్రమేనా?”

“పైపొర ఇసుక కూడా వస్తుందండి. కడిగి మళ్ళీ అక్కడే వేసేస్తాను.”

ఆయన గుమాస్తా వైపు తిరిగారు. “వ్రాసుకో. సాధనముచే ఇసుక తోడుట. నేరస్థలమునందే ఒప్పుకోలు.”

“సార్, ఇది రబ్బరు గొట్టం!”

“నదిలో పట్టుబడిన వారందరును తొలుత అట్లే పలుకుదురు” అన్నారాయన. నదిలో ఆయన ఎవరినీ పట్టుకోలేదు గనుక ఈ అనుభవం ఎక్కడిదో నాకు బోధపడలేదు. పెద్దలకు పూర్వజన్మ స్మృతి ఉంటుందంటారు.

మరునాటికి తొట్టి ప్రభుత్వ ఇసుక రీచిగా, అంటే ఇసుక తవ్వే రేవుగా, ప్రకటితమైంది. “ఇచట ఇసుకను కదల్చరాదు” అన్న బోర్డును అద్దానికే అంటించారు. బోర్డు పెద్దది, పదాలు ఇంకా పెద్దవి. చూడవచ్చిన పిల్లలకు చేపల తోకలు మాత్రం కనిపించేవి. గొట్టాన్ని స్వాధీనం చేసుకున్నారు. తొట్టి ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి సూరప్పణ్ణి కాపలా కూర్చోబెట్టారు. తొట్టిమీద కెమెరా బిగించి, కెమెరాకు కనబడాలని రేయింబవళ్ళు దీపాలు వెలిగించారు.

ద్వారం దగ్గర తనిఖీ పెట్టారు. లోపలికి వచ్చేవారికి తనిఖీ లేదు, బయటికి పోయేవారికే. అందువల్ల పోయేవారి కాళ్ళకు ఉన్న ఇసుక అంతా లోపలిదేనని తర్కశాస్త్రరీత్యా సిద్ధించింది. చేపలు అమ్మి మనవరాలికి తొట్టి చూపించడానికి వచ్చిన పోలమ్మ అనే ముసలామెను అలాగే ఆపారు.

“ఇసుక ఎక్కడిది?” అన్నాడు గుమాస్తా, ఆమె పాదాలు చూస్తూ.

“ఓలమ్మో! సముద్రం ఒడ్డునుంచి వొచ్చినాను. కాలికి ఇసక కాక గంధం అంటుకుంటాదేటి నాయినా?”

“రుజువు?”

“రుజువంట! అదిగో ఎదర అంత సముద్రం ఉంది, నీకు అగుపడ్డం నేదా? కళ్ళజోడు ఎట్టుకున్నావు గదా!”

సముద్రం సాక్ష్యం చెప్పడానికి లోపలికి రాలేదు గనుక ఆమె పాదాలు దులిపించి, రాలిన ఇసుకను సంచిలో కట్టి సీలు వేశారు. పోలమ్మ వెళ్తూ వెళ్తూ, “ఉంచుకో బాబూ, నీ ఇంటికి పునాది ఏసుకో” అని ఆశీర్వదించింది.

గొట్టం పోయింది, దీపం ఆరదు. నీళ్ళకు అంతకుమించి ఏమి కావాలి? వారం తిరిగేసరికి ఇసుకమీద గోధుమరంగు పొర ఒకటి పరచుకున్నది. దానిమీద ఆకుపచ్చని నూగు మొలిచింది. నీలవేణి భుజంగరావుగారి ఆఫీసుకు పరుగెత్తింది. పెద్దరికం పనికివస్తుందేమోనని నేనూ వెంట వెళ్ళాను.

“నాచు దట్టమైతే కింద ఇసుక కుళ్ళిపోతుంది సార్. విషవాయువు పుడుతుంది. చేపలకు ఊపిరి ఆడదు. ఒక్కసారి పైపొర తియ్యనివ్వండి.”

భుజంగరావుగారు చాలాసేపు ఆలోచించారు. పిమ్మట ఆయన ముఖం వికసించింది. ఒక సిద్ధాంతం జన్మించేటప్పుడు పక్కన ఉండే భాగ్యం నాకు ఆ రోజు కలిగింది.

“అమ్మా, నాచు ఎచట పుట్టును?”

“కదలకుండా ఉన్నచోట పుడుతుందండి.”

“కావున నాచున్నచోట ఇసుక కదలలేదని శాస్త్రీయముగా నిరూపణ యగుచున్నది. మేము లక్కముద్రలు వేయుదుము. అవి కరగును. ఇది ప్రకృతి స్వయముగా వేసిన ముద్ర. దీనిని తొలగింతుననుట ప్రభుత్వ ముద్రను పగులగొట్టుటయే!”

ఆనాటినుండి నాచు శత్రుపక్షంలోంచి ప్రభుత్వపక్షానికి మారింది. తొట్టిలో ఎంత మేర నాచు పట్టితే అంత మేర ఇసుక భద్రమని నివేదికలు పైకి వెళ్ళసాగాయి. మేత ఎక్కువైతే నాచు ఎక్కువవుతుందని నీలవేణి నోరు జారి అన్నది. మేతను రెట్టింపు చేయమని వెంటనే ఆజ్ఞ వచ్చింది. ఆకుపచ్చ నూగుమీద ముదురెరుపు పట్టువంటి జిగురు పొర పరచుకున్నది. దానినుండి బుడగలు లేచేవి. హాలులో కుళ్ళిన గుడ్ల వాసన. ‘సాగర పరిమళము’ అని నివేదికలో వ్రాశారు. నత్తలు అద్దం పట్టుకొని పైకి పాకి నీటి అంచున నిలిచాయి. గాలి కోసం వచ్చాయని నీలవేణి అన్నది. పర్యవేక్షణకు వచ్చాయని గుమాస్తా వ్రాశాడు.

ఒక్క మూల మాత్రం ఇసుక మల్లెపువ్వులా మెరుస్తూ ఉండేది. అక్కడ జల్లెడ ఉన్నది. అది ఉత్తర్వు చదువుకోలేదు. పొద్దున లేచి ఆ చుట్టుపక్కల నాచును చీల్చి, ఇసుకను నోట పట్టి, కడిగి, రాల్చేది. బలహీనపడిన చేపలన్నీ ఆ మూలకే వచ్చి చేరేవి. ఆ తొట్టిలో ఇంకా ఊపిరి ఉన్నదంటే అది ఆ మూలనే.

పై అధికారులు తనిఖీకి వస్తున్నారనగా భుజంగరావుగారు తొట్టి చూశారు. చూసి అదిరిపడ్డారు.

“ఆ మూల నాచు ఏది? నాచు లేదనిన ఇసుక కదలినది. ఇసుక కదలినదనిన దొంగ ఉన్నాడు!”

సూరప్పణ్ణి పిలిచారు. “నాకేటి తెలుసు బాబూ, నాను కునుకైనా తియ్యనేదు” అని అతడు ఏడుపుముఖం పెట్టాడు. కెమెరాలోని దృశ్యాలు తెప్పించి అందరూ కూర్చొని చూశారు. తెరమీద ఇసుక లేచింది, పడింది. లేచింది, పడింది. నడుమ నారింజ చుక్కలు.

“బహిరంగముగా!” అన్నారు భుజంగరావుగారు. ఆయన గొంతులో ఆగ్రహంకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉన్నది. “పట్టపగలు! కావలివాని కన్నుల యెదుట!”

“సార్, అది చేప. అది తినే పద్ధతే అంత” అన్నది నీలవేణి.

“తినుచున్నారనియే గదా ఈ ఉత్తర్వు వచ్చినది!”

నివేదికలో జల్లెడను గురించి వ్రాసిన వాక్యం మండలి గోడమీద చెక్కించదగినది. “నిందితము ముఖద్వారమున ఇసుకను స్వీకరించి, పార్శ్వద్వారములగుండా విడుదల చేయు రహస్య రవాణా మార్గమును స్వశరీరమునందే నిర్మించుకొనియున్నది.” సృష్టికర్త పేరును సహనిందితుల జాబితాలో ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు. చిరునామా దొరికి ఉండదు.

జల్లెడను వలతో పట్టి ఒక గాజుజాడీలో వేసి స్టేషనులో పెట్టారు. ఎస్సై జగన్నాయకులు పాపం మంచివాడు. జాడీలోకి చూసి తల పట్టుకున్నాడు. “మాస్టారూ, నా సర్వీసులో చేపల కూర కోసం కొట్టుకున్నవాళ్ళని లోపల పెట్టాను గానీ, చేపని పెట్టడం ఇదే” అన్నాడు.

జాడీ అడుగున ఇసుక లేదు. ఉండరాదు కూడా. జల్లెడ వంగి గాజును నోటితో తాకేది. ఏమీ రాకపోతే కొంచెం జరిగి మళ్ళీ తాకేది. నీలవేణి రొయ్యపొడి వేసింది. అది పక్కనుండి పోతున్నా దాని చూపు అడుగుమీదనే. ఇసుకలోంచి తప్ప తినడం ఎరగదు. రోజురోజుకీ దాని పొట్ట లోపలికి పోయింది. నేనూ ఏకాదశినాడు ఉపవాసం ఉంటాను. నాకు మరునాడు ద్వాదశి ఉన్నది, పారణ ఉన్నది. దానికి ద్వాదశి ఏది?

“ఎన్నాళ్ళు ఉంటుందమ్మా ఇలా?” అని అడిగాను.

“ఇసుక దొరికితే బతుకుతుంది మాస్టారూ. దొరక్కపోతే లేదు.”

భుజంగరావుగారే జరిపిన విచారణకు మండలి తరఫున అనధికార సభ్యుడిగా నన్ను కూర్చోబెట్టారు. నేను ఆ పూట శాస్త్రం విప్పాను.

“అయ్యా, పూర్వం సేతువు కట్టేటప్పుడు ఒక ఉడుత సముద్రపుటొడ్డున ఇసుకలో పొర్లి, వారధిమీద దులిపిందని పెద్దలు చెబుతారు. ఇసుకను కదల్చిన ఆ ప్రాణిని స్వామి శిక్షించలేదు. వెన్ను నిమిరాడు. ఆ మూడు గీతలు నేటికీ ఉన్నాయి.”

భుజంగరావుగారు కలం పక్కన పెట్టారు. “ఆ ఉడుతకు రవాణా చీటీ ఉండెనా?”

“ఉన్నట్లు వినలేదండి.”

“ఆ గీతలు ఏ అధికారి వేసినవి?”

“సాక్షాత్తు స్వామివారే.”

“అయినచో అవియే చీటీ. అధికారముగల వారు స్వహస్తముతో వేసిన ముద్ర. మీ చేపకు చుక్కలున్నవి. గీతలు లేవు.”

నా జీవితంలో ఎన్నో శాస్త్రచర్చలు చూశాను. ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

జామీను అడిగాను. దయతో ఇచ్చారు. జామీనుదారుగా నేను సంతకం చేశాను. షరతులు మూడు. ముద్దాయి వారానికొకసారి స్టేషనులో హాజరు కావాలి. పట్నం దాటి పోరాదు. జామీనులో ఉన్నంతకాలం ఇసుకను ముట్టరాదు. ఆ మూడవ షరతు వినగానే నీలవేణి ముఖం తిప్పుకున్నది. జైలునుండి విడిపించి ఉరికంబం కింద నిలబెట్టడమంటే ఇదే.

జల్లెడను ఆమె గదిలో ఒక ఉత్త గాజుతొట్టికి మార్చాము. హాజరు రోజున నేను స్టీలు బకెట్టులో ఉప్పునీరు పోసి, జల్లెడను అందులో వేసి, పైన తడిగుడ్డ కప్పి రిక్షాలో స్టేషనుకు తీసుకువెళ్ళాను. దారిలో ఎదురైనవారు ప్రసాదమనుకొని చేయి చాచారు. ఎస్సై గుడ్డ తొలగించి చూసి, “చాలా చిక్కిందండీ పాపం. ఇంట్లో తినట్లేదా?” అని అడిగాడు.

“ఇంటిభోజనం నిషేధించారు గదయ్యా.”

“నేనేం చెయ్యను మాస్టారూ. పైనుంచి రోజూ ఫోను. ముద్దాయి ఎక్కడికీ ఈదలేదు గదా అని.”

చివరకు నీలవేణి ఉత్తర్వునే అక్షరం అక్షరం చదివింది. అందులో ‘అనుమతి లేక’ అన్న రెండు మాటలు ఆమెకు తోవ చూపాయి. అనుమతి ఉంటే కదల్చవచ్చు! తొట్టిలో ఇసుక జల్లించుకొనే హక్కును జల్లెడకు లీజుగా ఇప్పించవలసిందని అర్జీ పెట్టాము. జామీనుదారుగా నేనే దస్తఖతు చేశాను. “దరఖాస్తుదారు తీసుకున్న ఇసుకను తీసుకున్నచోటనే ఒక లిప్తలో తిరిగి ఇచ్చును” అని ప్రత్యేకంగా చేర్చాను. ఇంతకంటే నిజాయితీగల గుత్తేదారు దొరకడని నా ఉద్దేశం.

భుజంగరావుగారు అర్జీ చదివి సంతోషించారు కూడా. “లీజు మార్గము చట్టసమ్మతమే. అయితే నేరుగా ఇచ్చుట పక్షపాతమగును. బహిరంగ టెండరు పిలిచెదము.”

పిలిచారు. అర్హతలలో సొంత లారీలు ఉండటం ఒకటి. ఇసుక రంగంలో పూర్వానుభవం ఒకటి. అనుభవం జల్లెడకు పుట్టుకతోనే ఉన్నది. లారీలు లేవు. లారీలున్న గుత్తేదారు వీరభద్రం ఒక్కడే టెండరు వేశాడు. నదిలో యంత్రాల పక్కన ఫోన్లు పట్టుకొని నిలబడినవారిలో ఆయన ఒకడు.

మంగళవాద్యాలు లేవన్న మాటే గానీ తక్కిన లాంఛనాలన్నీ జరిగాయి. లారీ మత్స్యదర్శిని మెట్లవరకు వచ్చి ఆగింది. చేపలను ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, నీరు తోడి, తొట్టిలోని ఇసుకనంతా నాచుతో సహా పారలతో ఎత్తారు. బోర్డును అంటించిన చేతులే బోర్డును పట్టుకొని లారీకి దారి చూపాయి. సూరప్పడు లేచి సెల్యూట్ చేశాడు. ద్వారం దగ్గర ఎవరి కాళ్ళూ దులపలేదు. లీజుదారు మనుషుల కాళ్ళకు ఉన్న ఇసుక లీజులో భాగమే.

నీలవేణి అడ్డం వెళ్ళి నిలబడింది. “కొంచెం, ఒక్క గుప్పెడు వదలండి. ఆ చేప కోసం.”

వీరభద్రం జాలిగా చూశాడు. ఆయన కూడా నిర్దయుడు కాడు. “గుప్పెడేటమ్మా, బస్తా ఇచ్చేద్దును. కానీ ఇప్పుడిది నా పేరున ఉంది. ఊరికే ఇస్తే అక్రమ సరఫరా అంటారు. నాకెందుకు చెప్పు కేసులు?”

నేను ఇంటికి వచ్చి అభ్యంతరపత్రం వ్రాయబోతే వచనం నడవలేదు. చివరకు ఒక తేటగీతి వ్రాసి పంపాను.

నేల యిసుకను నోటితో నెమరువేసి
చోటు దప్పక విడిచినఁ జోరుఁ డయ్యె;
ఏఱు మొత్తము లారీల నెత్తువాఁడు
పత్ర మొక్కటి చేఁబట్టి ప్రభువు గాఁడె!

“పద్యము పరిశీలింపబడినది. నిర్ణీత నమూనాలో లేనందున తిరస్కరింపబడినది” అని జవాబు వచ్చింది. గణాలు, యతి సరిచూసి తిరస్కరించారేమోనని కొంతసేపు గర్వపడ్డాను.

మత్స్యదర్శినికి ఆ నెలలోనే ప్రశంసాపత్రం వచ్చింది. నాచు సమస్యను సమూలంగా నిర్మూలించినందుకు. అది నిజమే. ఇసుక లేనిచోట ఇసుకమీద నాచు ఎలా ఉంటుంది? తొట్టి అడుగున ఇసుకరంగు గచ్చు వేశారు. దశలన్నీ ఒకేసారి పూర్తయ్యాయని, ఇక నది జోలికి పోవలసిన అవసరం కనబడదని భుజంగరావుగారు ఆ పత్రం అందుకున్న సభలో ప్రకటించారు.

సభలో చప్పట్లు మోగుతుండగా నేను లేచి నీలవేణి గదికి వెళ్ళాను. జల్లెడ అడుగున ఒరిగి ఉన్నది. మొప్పలు ఆడుతున్నాయి. నన్ను చూసి కాదు, అలవాటుకొద్దీ, వంగి గాజును ఒకసారి నోటితో తాకింది.

“ఇది అసలు ఎక్కడి చేపమ్మా?” అని అడిగాను.

“ఎదురుగా ఉన్న సముద్రానిదే మాస్టారూ. పోలమ్మగారి కొడుకు వలలో పడితే తెచ్చిచ్చాడు.”

“బకెట్టు ఏది?”

ఆమె నా ముఖంలోకి చూసింది. “మాస్టారూ, మీరు జామీనుదారు. షరతులు...”

“షరతులు నాకు కంఠతా వచ్చునమ్మా. బకెట్టు ఇలా ఇయ్యి.”

ఎదురుగా ఉన్న సముద్రపుటొడ్డున రాళ్ళ చాటున, మోకాలిలోతు నీటిలో దిగి బకెట్టు వంచాను. జల్లెడ కాసేపు కదలలేదు. దాని కింద ఉన్నది ఏమిటో నమ్మలేకపోయి ఉంటుంది. పిమ్మట వంగింది. నోటినిండా తీసుకున్నది. మొప్పలగుండా ఇసుక జలజల రాలింది. ఇంకొకసారి. ఇంకొకసారి. ఒక అల వచ్చి వెళ్ళాక చూస్తే అక్కడ లేదు. నీలవేణి ఒడ్డున కూర్చొని చీరకొంగు నోట కుక్కుకున్నది. ఆ రోజు ఏ తిథో పంచాంగం చూడలేదు. నా లెక్కకు అది ద్వాదశి.

హాజరు రోజున ఖాళీ చేతులతో స్టేషనుకు వెళ్ళాను.

“ముద్దాయి ఏరండీ?” అన్నాడు ఎస్సై.

“సముద్రంలో.”

అతడు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. “మాస్టారూ, మెల్లిగా మాట్లాడండి. చచ్చిపోయిందని ఒక్క ముక్క అనండి. ముద్దాయి మృతి అని రాసి ఇప్పుడే కేసు మూసేస్తాను. మీకూ నాకూ గొడవ వదిలిపోద్ది.”

“చావలేదు గదయ్యా.”

“మీరు చూశారా ఏంటి, ఇప్పుడు బతికుందని?”

“ఇసుక నోట పట్టడం చూశాను.”

“అయ్యో! అది మాత్రం అనకండి బాబూ, అది రెండో నేరం!” అని అతడు నుదురు కొట్టుకున్నాడు. కానీ నేను అనేశాను, గుమాస్తా వ్రాసేశాడు.

భుజంగరావుగారు స్వయంగా తీర్పు పంపారు. ముద్దాయి పరారీలో ఉన్నది. సముద్రం విశాలమైనది గనుక దశలవారీగా గాలించాలి. ముద్దాయిని ఆనవాలు పట్టగల సాక్షి నేనొక్కణ్ణే. “కావున జామీనుదారు ప్రతిదినము సూర్యోదయ సమయమున, పోలీసు రక్షణతో, సముద్రతీరమునకు పోయి, జలములను పరిశీలించి, ముద్దాయి కనబడినదీ లేనిదీ వాఙ్మూలము ఇయ్యవలెను. ముద్దాయి పట్టుబడువరకు ఈ శిక్ష అమలులో ఉండును.”

వయసు మీదపడ్డాక సముద్రం దగ్గరికి ఒంటరిగా పోవద్దని ఇంట్లో కట్టడి ఉండేది. ఇప్పుడు ప్రభుత్వాజ్ఞ. తెల్లవారకముందే సూరప్పడు లాఠీతో వచ్చి అరుగుమీద కూర్చొని, “పంతులుగోరూ, టైమైపోనాది, రండి” అని పిలుస్తాడు. నేను స్నానం, సంధ్య ఒడ్డునే ముగించుకొంటాను. అతడు నా ఉత్తరీయం తడవకుండా పట్టుకొంటాడు. పిమ్మట ఇద్దరమూ నీళ్ళవైపు చూస్తూ నిలబడతాము. సూర్యుడు వస్తాడు. రాళ్ళ దగ్గర లోతులేని నీటిలో అక్కడక్కడ ఇసుక చిన్నగా పొంగి రాలుతూ ఉంటుంది. చేసేది ఎవరో ఇంత దూరంనుండి ఆనవాలు పట్టడం కష్టం. నేను అబద్ధమాడను.

నిన్న సూరప్పడు చాలాసేపు అలలను చూసి అడిగాడు. “పంతులుగోరూ, ఈ కెరటాలు సూడండి. ఇసక అట్టుకెల్తన్నాయి, మల్లీ తెచ్చేస్తన్నాయి. పెద్దసారు అడిగితే వీటి మీదేటి రాయమంటారు?”

“తెచ్చి ఇచ్చేస్తున్నాయి గదా నాయనా, అయితే నేరమే. ఊరికే పట్టుకుపోతే లీజు అనుకొని వదిలేద్దుము.”

అతడు పకాలున నవ్వి, చుట్టూ ఎవరూ లేరని చూసుకొని మళ్ళీ నవ్వాడు. తరువాత కాగితం తీసి, “ముద్దాయి అగుపడ్డాదా?” అని అడిగాడు. “ఆనవాలు పట్టలేకపోయాను” అన్నాను. వ్రాసుకున్నాడు.

ఈ శిక్షమీద పైకోర్టుకు వెళ్తే ఒక్క పేషీలో కొట్టివేస్తారని నీలవేణి ఎవరో వకీలును కనుక్కొని వచ్చింది. కాగితాలు కూడా సిద్ధం చేయించిందట. నేను చేతులు జోడించి, అమ్మా, దయచేసి ఆ పని మాత్రం చేయవద్దన్నాను.